ఎదురు కంచం

ఆ ఇంట్లో ఒక కట్టుబాటు ఉంది. ఎవరూ ఒంటరిగా కూర్చుని అన్నం తినకూడదు. తినే మనిషికి ఎదురుగా ఇంకో కంచం ఉండాలి, ఆ కంచం ముందు ఇంకో మనిషి ఉండాలి. ఇది ఎప్పుడు పుట్టిందంటే ఎవరికీ తెలీదు. నాయనమ్మని అడిగితే మా అత్తగారు చెప్పిందంటుంది. ఆ అత్తగారికి ఎవరు చెప్పారో ఆ దేవుడికే తెలియాలి. సొంత ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ దానివల్ల ఎవరికీ ఇబ్బంది రాలేదు. బాబాయిలూ పిన్నులూ వాళ్ళ పిల్లలూ కలిసి ఇల్లంతా సంతలా ఉండేది. ఎదురు కంచం కోసం వెతుక్కోవడం మాట అటుంచి, కూర్చోడానికి చోటు దొరికితే అదే పదివేలు.

దేశం మారాక మొదలైంది తిప్పలు. ఇక్కడికి వచ్చింది నలుగురే. నాయనమ్మ, నాన్న, అమ్మ, పిల్ల. ఆ నలుగురికీ నాలుగు వేళలు. నాయనమ్మ పొద్దు ఉండగానే తినేసి, చెవి మిషను తీసి డబ్బాలో పెట్టి, గదిలోకి పోయి పడుకుంటుంది. అమ్మ ఆసుపత్రుల దుప్పట్లు ఉతికే పెద్ద లాండ్రీలో పని చేస్తుంది. పొద్దస్తమానం ఆవిరి కక్కే ఇస్త్రీ రోలరు ముందు నిలబడి, చీకటి పడ్డాక ఇంటికొచ్చి, నాలుగు మెతుకులు తిని మంచం మీద వాలితే మళ్ళీ తెల్లారే లేవడం. నాన్న సిటీ బస్సు నడుపుతాడు. మధ్యాహ్నం బండెక్కితే అమ్మ పడుకున్నాకే దిగుతాడు. ఒకే ఇంట్లో ఉంటూ ఒకరి మొహం ఒకరు సెలవు రోజున తప్ప సరిగ్గా చూసుకోరు.

ఇక పిల్ల. వచ్చినప్పుడు పుల్లలా ఉండేది. గాలేస్తే ఎగిరిపోతుందేమోనని నాయనమ్మకి బెంగ. అందుకే పిచ్చుక అని పిలిచేవాళ్ళు. పేరంటే బడిలో ఉందిగానీ ఇంట్లో అందరికీ అది పిచ్చుకే.

వచ్చిన కొత్తల్లో పిచ్చుక రెండు సంగతులు చూసింది. ఒకటి, అమ్మ పొయ్యి దగ్గర నిలబడి గిన్నెలోంచే తినడం. కూర్చుంటే కదా ఒంటరిగా కూర్చున్నట్టు, నిలబడితే కట్టుబాటు తప్పినట్టు కాదని అమ్మ లెక్క. రెండోది, నాన్న తన డ్రైవరు టోపీ తీసి ఎదురు కుర్చీలో పెట్టి, దానికేసి చూస్తూ పెరుగన్నం కలుపుకోవడం. ఆ టోపీతో నాన్న ఏదో మాట్లాడాడు కూడా. తలుపు సందులోంచి అది చూసి పిల్లకి నవ్వొచ్చింది. ఆ వెంటనే నవ్వు ఆగిపోయింది.

ఆ మర్నాటినుంచి పిచ్చుక అందరికీ ఎదురు కంచం అయిపోయింది.

బడి నుంచి రాగానే నాయనమ్మతో ఒక భోజనం. అమ్మ వచ్చి, తిన్నావా అని అడిగితే, నీకోసమే ఆగానంటూ ఇంకో భోజనం. అమ్మ పడుకున్నాక నాన్న తాళం చెవి చప్పుడు వినగానే లేచొచ్చి, ఆకలేస్తోంది నాన్నా అంటూ మూడోది. ప్రతిసారీ తన కంచం కడిగి, తుడిచి, ఎప్పట్లా గూట్లో నిలబెట్టేది. ఎవరికి వాళ్ళు, పాపం పిల్ల నాకోసమే ఆగిందని మురిసిపోయేవాళ్ళు. కుండలో అన్నం తరుగుతుంటే నాయనమ్మ నాన్నని అనుమానించింది. డ్రైవరు పని, ఆకలెక్కువ కాబోలు అనుకుంది. నాన్న నాయనమ్మని అనుమానించాడు. పళ్ళు కట్టించాక ఈవిడకి తిండి మీద మనసు పోయిందనుకున్నాడు. తిండి సంగతి అడిగితే బాగుండదని ఇద్దరూ నోరు మూసుకున్నారు.

అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఆ ఇంట్లో అడక్కపోయినా ముగ్గురూ పెట్టేవాళ్ళు. పైగా సొంత ఊళ్ళో అయితే తిన్నది తిన్నట్టు అరిగేది. పిన్నిగారింటికి గిన్నె ఇచ్చిరా, బాబాయిని పిలుచుకురా, పిల్లలతో వీధి చివరిదాకా పరుగెత్తిరా. ఇక్కడ ఎవరింటికి పరుగెత్తాలి? గుమ్మం దిగితే లిఫ్టు, లిఫ్టు దిగితే బడి బస్సు. బయట చలి, లోపల సోఫా. ఇలా రెండేళ్ళు గడిచేసరికి పిచ్చుక బాగా ఒళ్ళు చేసింది. పొడుగూ పెరిగింది, అడ్డమూ పెరిగింది. ముగ్గురు పెద్దవాళ్ళ కళ్ళకి మాత్రం అది ఇంకా ఆ పాత పుల్లే.

అది చూసి బాధపడాల్సిన పనేం లేకుండా పోయింది పిచ్చుకకి, ఎందుకంటే బడిలో దానికి తాడు దొరికింది.

ఆ బడిలో ఆడపిల్లల తాడు లాగుడు జట్టు ఉంది. నేర్పించే ఆవిడ చేతులు చెక్కపలకల్లా ఉంటాయి, ఒకప్పుడు ఆవిడా తాడు లాగిన మనిషే. పిల్లలందరూ తాడు టీచరనే అంటారు. ఆవిడ ఒకరోజు పిచ్చుకని మైదానంలో తాడు కొసన నిలబెట్టింది. తాడుని చంక కింద నుంచి వీపు మీదుగా భుజం పైకి తిప్పి, మడమలు నేలలో పాతి, వెనక్కి వాలమంది. అవతల నలుగురు లాగారు. పిచ్చుక కదల్లేదు. ఆరుగురు లాగారు. అయినా కదల్లేదు. టీచరు నడుం మీద చేతులు పెట్టుకుని నవ్వింది. తాడు కొసన నిలబడే మనిషిని వాళ్ళ భాషలో లంగరు అనే అర్థం వచ్చే మాటతో పిలుస్తారు. ఆ రోజు నుంచి బడిలో దాని పేరు లంగరు. ఇంట్లో పిచ్చుక, బడిలో లంగరు. భాష సరిగ్గా రాక అంతవరకూ వెనక బెంచీలో ముడుచుకుని కూర్చున్న పిల్లకి ఒక్కసారిగా ఏడుగురు స్నేహితురాళ్ళు పుట్టుకొచ్చారు. తాడు లాగడానికి భాషతో పనేముంది, ఊపిరి కలిస్తే చాలు.

అయితే ఆ ఆటకి ఒక నియమం ఉంది. పోటీకి ముందు ఎనిమిది మందినీ కలిపి తూస్తారు. అందరి బరువూ కలిపి ఒక గీత దాటకూడదు. దాటితే జట్టంతా ఇంటికే. తాడు టీచరు ఒకరోజు తూచి చూసి తల గోక్కుంది. గీత దాటారు. పిచ్చుకని పక్కకి పిలిచి నిదానంగా, అర్థమయ్యేలా చెప్పింది.

"నీ బరువు తప్పు కాదు. తాడుకి కావలసిందే బరువు. కానీ అది నెలనెలా పెరుగుతూ పోతోంది. పెరగడం ఆగి కొంచెం దిగితే నువ్వే లంగరు. లేదంటే నీ చోట ఇంకో అమ్మాయిని నిలబెట్టాలి. ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకో. పస్తులున్నావని తెలిస్తే తాడు ముట్టుకోనివ్వను."

ఇంకో అమ్మాయంటే పిచ్చుక పక్కన కూర్చునే పిల్లే. మంచిదే, కానీ సన్నగా ఉంటుంది. ఆ పిల్లే బెదిరిపోయింది. నన్ను కొసన నిలబెడితే అవతలివాళ్ళు తాడుతో పాటు నన్నూ చుట్టి పట్టుకుపోతారని ఏడుపు మొహం పెట్టింది.

తన బరువు ఎక్కడి నుంచి వస్తోందో పిచ్చుకకి తెలుసు. చెప్పడమెలా? నాయనమ్మతో మానేస్తే నాయనమ్మ అన్నం ముందు కూర్చుని, ఆకల్లేదులే అంటుంది. అమ్మతో మానేస్తే అమ్మ మళ్ళీ పొయ్యి దగ్గర నిలబడుతుంది. నాన్నతో మానేస్తే మళ్ళీ ఆ టోపీ. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం అన్నట్టుంది దాని పని. మధ్యాహ్నం బడిలో తినేది తగ్గించి చూసింది. సాయంత్రం మరీ ఆకలేసి నాయనమ్మ దగ్గర ఇంకో గరిటె ఎక్కువే తినేసింది.

తాడు టీచరు ఊరుకునే రకం కాదు. లాండ్రీకి ఫోన్ చేసి అమ్మని అడిగింది. అమ్మ, రాత్రిపూట ఒక్క కంచమేనండీ, పప్పన్నం, కాస్త పెరుగు, అంది. టీచరు వెళ్ళేది నాన్న బస్సులోనే కనక దిగేటప్పుడు ఆయన్నీ అడిగింది. నాన్న కూడా అచ్చం అదే చెప్పాడు. ఒక్క కంచమే, పప్పన్నం, కాస్త పెరుగు. ఇద్దరూ పొల్లుపోకుండా ఒకే మాట చెప్పేసరికి టీచరు నమ్మేసింది. ఇంట్లో వాళ్ళంత క్రమంగా ఉంటే పిల్ల బయటేదో తింటోందని తేల్చింది.

అక్కడితో ఇంట్లో విచారణ మొదలైంది. బడిలో చాక్లెట్లు పడేసే మిషను మీద నాన్నకి అనుమానం. లాండ్రీ సందు మొదట్లో ఉన్న బేకరీ మీద అమ్మకి అనుమానం. ఆ బేకరీ వాసన రోజూ తననే లాగుతుంటే చిన్నపిల్ల ఎంత అని అమ్మ అనుకుంది. నాయనమ్మకి ఈ గొడవంతా తలాతోకా లేనిదిగా తోచింది. పిల్ల బుగ్గలు పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి తీర్పు చెప్పేసింది.

"మీ కళ్ళకేమైనా పొరలొచ్చాయా? పిల్ల తాడు లాగి లాగి చిక్కి సగమైపోయింది."

ఆ సాయంత్రం నెయ్యి ఇంకో చెంచా ఎక్కువ పడింది. పిచ్చుకకి మింగలేక కక్కలేక అన్న మాటకి అర్థం ఆ రోజు తెలిసింది.

పోటీ ఇంకా కొన్ని వారాలుందనగా ఒకరోజు మధ్యాహ్నం నుంచి గాలి లేచింది. ఉత్త గాలి కాదు, వీధిలో చెత్త డబ్బాలు దొర్లుకుంటూ పోయే గాలి. బస్సులన్నీ డిపోకి తెచ్చి పెట్టెయ్యమన్నారు. లాండ్రీలో మిషన్లు ఆపి అందరినీ ఇళ్ళకి పొమ్మన్నారు. ఇవేవీ తెలియని నాయనమ్మ, పిచ్చుక ఎప్పట్లాగే ఎదురెదురు కంచాల్లో సగం అన్నంలో ఉన్నారు.

అమ్మ లోపలికొచ్చింది. జుట్టంతా రేగి పిచ్చుక గూడులా ఉంది. చెప్పులు విప్పుతూ బల్ల వైపు చూసి ఆగిపోయింది.

"ఇదేంటే, ఇవాళ నాకోసం ఆగలేదా?"

నాయనమ్మ ముద్ద కలుపుతూ తలెత్తింది. "నీకోసం ఆగడమేంటి? రోజూ నాతోనేగా తింటుంది. వచ్చిన నాటినుంచీ ఒక్క రోజు తప్పలేదు, బంగారు తల్లి."

"మీతోనా అత్తయ్యా? రోజూ నాతో కదా తినేది."

ఇద్దరూ పిచ్చుక వైపు తిరిగారు. పిచ్చుక నోట్లో ముద్ద అలాగే ఉండిపోయింది. అంతలో వీధి తలుపు మళ్ళీ తెరుచుకుంది. నాన్న టోపీ దులుపుకుంటూ, వాళ్ళ మొహాలు చూడకుండానే హుషారుగా వంటింట్లోకి కేకేశాడు.

"పిచ్చుకా, ఇవాళ తొందరగా వచ్చేశానురా. కంచాలు పెట్టు, ఎప్పట్లా ఇద్దరం తినేద్దాం."

నాన్న బల్ల దగ్గరికొచ్చి ఒకరి తర్వాత ఒకరిని చూశాడు. ముగ్గురూ తననే చూస్తుండేసరికి తనే ఏదో తప్పు చేశాననుకుని టోపీ మళ్ళీ నెత్తిన పెట్టుకున్నాడు.

అప్పుడు చెప్పింది పిచ్చుక. ముద్ద మింగి, నీళ్ళు తాగి, తలొంచుకుని మొదటినుంచీ చెప్పింది. మిషనూ కాదు, బేకరీ కాదు, మూడు కంచాలూ మీవే అని చెప్పింది. చెబుతూ చెబుతూ, ఇప్పుడు మీకు కోపం వస్తే నాయనమ్మ కంచం కూడా సగంలో ఆగిపోతుందని గొణిగింది.

మొదట నవ్వింది నాన్న. "అయితే కుండ ఖాళీ చేసే బకాసురుణ్ణి నేను కాదన్నమాట," అన్నాడు నాయనమ్మ వైపు చూస్తూ. నేనూ కాదురా అంది నాయనమ్మ, కట్టుడు పళ్ళు సర్దుకుంటూ. నువ్వు నన్నలా అనుకున్నావా అంటే నువ్వు నన్నలా అనుకున్నావా అని తల్లీ కొడుకూ ఒకరినొకరు నిలదీసుకున్నారు. ఆ నిలదీసుకోవడంలో ఇద్దరికీ నవ్వాగలేదు. నాయనమ్మకి పొలమారింది. నాన్న వీపు మీద చరుస్తూ తనూ దగ్గాడు.

అమ్మ మాత్రం నవ్వలేదు. పిచ్చుక పక్కన కూర్చుంది.

"కడుపు నిండాక కూడా ఎందుకు తిన్నావే? నాతో ఒక్క మాట చెబితే ఏం పోయింది?"

"నువ్వు నిలబడి తింటున్నావని," అంది పిచ్చుక.

అమ్మ చాలాసేపు దాని జడ సరిచేస్తూ ఉండిపోయింది. సరిచేయడానికి ఆ జడలో ఏమీ లేదు, నున్నగానే ఉంది.

సరే, ఇప్పుడేం చేయాలి? నాన్న ఈ కట్టుబాటు తీసి గట్టున పెడదామన్నాడు. ఊరుతో పోయే అలవాట్లు కొన్నుంటాయి, ఇదీ అందులో ఒకటనుకుందామన్నాడు. అమ్మ, నేను లాండ్రీలోనే తినేసి వస్తానంది. ఆ మాట పిచ్చుకకి నచ్చలేదు, మొహం చిన్నబోయింది. అందరూ నాయనమ్మ వైపు చూశారు. కట్టుబాటు ఆవిడది. ఆవిడ కంచంలో మిగిలింది శుభ్రంగా తిని, వేలితో అంచు తుడిచి, అప్పుడు నోరు విప్పింది.

"మా అత్తగారు ఎదురుగా మనిషుండాలంది. ఆ రోజుల్లో మనిషుంటే కంచం ఎలాగూ ఉండేది, అందరికీ ఒకటే వేళ గనక. ఆవిడ చెప్పింది మనిషి గురించి. మనమే కంచం పట్టుకుని వేలాడుతున్నాం. పిల్ల కూర్చుంటే చాలు. తినక్కర్లేదు."

అంతే. ఇన్నేళ్ళ కట్టుబాటుని సగం ఉంచి సగం తీసేసింది ఆ ముసలావిడ, చెయ్యి కడుక్కున్నంత సులువుగా.

మర్నాటినుంచి పిచ్చుక భోజనం అమ్మతోనే. నాయనమ్మ తినేటప్పుడు ఎదురుగా కూర్చుని బడి పాఠాలు రాసుకునేది. నాన్న తినేటప్పుడు మంచినీళ్ళ గ్లాసు పెట్టుకుని, ఆ రోజు బస్సులో ఎవరెవరు ఎక్కారో, ఎవరు నిద్రపోయి స్టాపు దాటిపోయారో వినేది. నోరు ఖాళీగా ఉన్నందుకేమో, ఇదివరకటి కంటే ఎక్కువ మాట్లాడేది, ఎక్కువ నవ్వేది. చీకటి పడే వేళకి లాండ్రీ గేటు దాకా నడిచి వెళ్ళి అమ్మని తీసుకొచ్చేది. బస్సెక్కుదామంటే వినేది కాదు. బేకరీ ముందు ఇద్దరూ ఆగి, గట్టిగా వాసన మాత్రం పీల్చుకుని, పోటీ పడి నడిచేవాళ్ళు. నడకలో మొదట అమ్మే గెలిచేది. తర్వాత్తర్వాత అమ్మకి ఆయాసం వచ్చేది.

నాయనమ్మే అప్పుడప్పుడు దారి తప్పేది. పాఠం రాసుకుంటున్న పిల్ల నోటి దగ్గరికి ముద్ద తెచ్చేది. వద్దు నాయనమ్మా అంటే, ఇది భోజనం కాదే, చేతిలో ముద్ద లెక్కలోకి రాదు అనేది. పిచ్చుక నోరు గట్టిగా మూసుకుని తల అడ్డంగా ఊపేది. అప్పుడు నాయనమ్మ ఆ ముద్ద తనే తిని, నీ వంతు కూడా నాకే పడిందంటూ దెప్పేది.

పోటీ రోజు వచ్చింది. అమ్మ సెలవు పెట్టింది, నాన్న ఇంకో డ్రైవరుతో పని వేళ మార్చుకున్నాడు, నాయనమ్మ చెవి మిషనుకి కొత్త బ్యాటరీలు వేయించుకుంది. మైదానం పక్కన షెడ్డులో లారీకెక్కించే బస్తాలు తూచే పెద్ద కాటా ఒకటి పెట్టారు. ఒక్కో జట్టూ దాని మీదకెక్కి నిలబడాలి.

పిచ్చుక వాళ్ళ జట్టు ఎక్కింది. ఎనిమిది మందీ ఒకరినొకరు పట్టుకుని ఊపిరి బిగబట్టారు. ఊపిరి బిగబడితే బరువు తగ్గుతుందని ఎవరు చెప్పారో మరి. ముల్లు పైకి పోయి, ఊగి, గీతకి కాస్త అవతల ఆగింది. కాస్తంటే కాస్తే. అయినా అవతలే.

తాడు టీచరు మొహం తెల్లబోయింది. సన్నపిల్ల షెడ్డు గోడకి ఆనుకుని, తనని పిలవకూడదని కళ్ళు మూసుకుని దండం పెట్టుకుంటోంది. కాటా దగ్గరున్నాయన ఇంకొక్కసారి తూగొచ్చన్నాడు. అంతే, పిల్లలందరూ ఒంటి మీదవి విప్పడం మొదలెట్టారు. స్వెట్టర్లు పోయాయి. బూట్లు పోయాయి. జేబుల్లోంచి తాళాలు, పెన్నులు, ఒకమ్మాయి జేబులోంచి సగం తిన్న యాపిల్ కాయ. జడపిన్నులన్నీ కుప్పగా పడ్డాయి. మొదట్లో నిలబడే పొడుగమ్మాయి నోట్లో బబుల్‌గమ్ తీసి టీచరు చేతిలో పెట్టింది. టీచరు కాదనలేదు, అలాగే పట్టుకుని నిలబడింది.

పిచ్చుక వెనక్కి తిరిగి అమ్మ వైపు చూసింది. తన వల్లే గీత దాటిందని, ఇంతమందికీ తన వల్లే ఇదంతా అని దాని కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి. అమ్మ దగ్గరికి రాలేదు, ఓదార్చలేదు. చెవులు చూపించింది. పిచ్చుక చెవులు తడుముకుంది. నాయనమ్మ పెట్టిన బరువైన బుట్టకమ్మలు. తీసి నాయనమ్మ చేతిలో పెట్టింది.

మళ్ళీ ఎక్కారు. ముల్లు పైకి పోయింది, ఊగింది, ఊగింది. గీత మీద నిలబడింది. మీదే, దాటలేదు. కాటా ఆయన వంగి, కళ్ళజోడు తీసి తుడిచి, మళ్ళీ పెట్టుకుని చూసి తలూపాడు. సన్నపిల్ల వేసిన కేకకి నాయనమ్మ చెవి మిషను కీచుమంది.

ఆట గురించి ఏం చెప్పమంటారు. అవతలి జట్టు లంగరు కూడా తక్కువదేం కాదు, తలుపు చెక్కలా ఉంది, పిచ్చుకని చూసి స్నేహంగా నవ్వింది కూడా. విప్పిన బూట్లు మళ్ళీ తొడుక్కుని దిగారు. తాడు బిగిసింది. మధ్యలో కట్టిన ఎర్ర గుడ్డ ఒక జానెడు అటు, ఒక జానెడు ఇటు. పొడుగమ్మాయి కాలు జారింది. ఆ ఒక్క క్షణంలో తాడంతా అవతలికి పోవాల్సింది. పిచ్చుక వెనక్కి వాలి, ఆకాశం వైపు మొహం పెట్టి, మడమలు దించి ఉండిపోయింది. రాత్రి కురిసిన వాన తడి ఇంకా ఆరని నేల దాని మడమల కింద కుంగింది, మోకాలి దగ్గరిదాకా మట్టి లేచింది, అది మాత్రం కదల్లేదు. పొడుగమ్మాయి లేచి మళ్ళీ తాడు పట్టుకునేదాకా అవతలి ఎనిమిది మంది లాగుడునీ ఒక్కతే ఆపింది. తర్వాత టీచరు అరిచిన అరుపుకి ఎనిమిది ఊపిర్లూ ఒకటయ్యాయి. ఎర్ర గుడ్డ ఒక్కో అంగుళం ఇటు రావడం మొదలుపెట్టింది. వస్తూనే ఉంది.

గెలిచామని పిచ్చుకకి చివర్న తెలిసింది, అందరూ తాడు వదిలేసి గెంతుతున్నా అది ఇంకా లాగుతూనే ఉంది గనక. వదులే, అయిపోయిందే అంటూ సన్నపిల్ల పరుగెత్తుకొచ్చి చెయ్యి పట్టి లేపబోయింది. మడమలు మట్టిలో దిగబడిపోయి లేవలేదు. ఇంకో ఇద్దరొచ్చి లాగారు, నాన్నొచ్చి చంకల కింద చేతులు వేశాడు. అందరూ కలిసి ఒక్క ఊపున లాగితే పిచ్చుక పైకొచ్చింది, బూట్లు రెండూ నేల్లోనే ఉండిపోయాయి. అది మట్టి కాళ్ళతో, ఆ బూట్లకేసి చూస్తూ, కడుపు పట్టుకుని నవ్వుతూ అక్కడే మళ్ళీ కూలబడింది.